ఒక అంకె, ఒక అక్షరం: కెప్టెన్‌కు గణాంకాలు చేరేదెలా?

2020 డిసెంబరు 1. కేప్‌టౌన్‌లోని న్యూలాండ్స్ మైదానంలో దక్షిణాఫ్రికాతో మూడో టీ20. ఇంగ్లండ్ ఫీల్డింగ్ చేస్తున్న వేళ, డ్రెస్సింగ్ రూమ్ బాల్కనీలో ఉన్న జట్టు విశ్లేషకుడు నేథన్ లీమన్ వద్ద కొన్ని అట్టలు కెమెరా కంటబడ్డాయి. ఒకదానిపై '2సి', మరోదానిపై '4ఇ'. అవి మైదానంలో ఉన్న కెప్టెన్ ఇయాన్ మోర్గాన్ కోసం పెట్టిన సంకేతాలు. ఆ మ్యాచ్‌లో దక్షిణాఫ్రికా 191 పరుగులు చేసింది. డేవిడ్ మలాన్ 99, జోస్ బట్లర్ 67 పరుగులతో అజేయంగా నిలవడంతో ఇంగ్లండ్ 9 వికెట్ల తేడాతో గెలిచింది. అంతటి విజయం తర్వాతా చర్చ ఆ అట్టల చుట్టూ తిరిగింది.

కెప్టెన్ చేయాల్సిన ఆలోచనను బాల్కనీ నుంచి చేయిస్తారా అని మైఖేల్ వాన్ వంటి మాజీలు మండిపడ్డారు. మ్యాచ్ రిఫరీకి ముందే తెలిపామని, ఇది సమాచారం మాత్రమేనని, వాడుకోవాలా పక్కన పెట్టాలా అన్నది కెప్టెన్ ఇష్టమని ఇంగ్లండ్ బోర్డు వివరణ ఇచ్చింది. సంకేతాల అర్థాన్ని మాత్రం జట్టు బయటపెట్టలేదు.

ఇంత సాంకేతికత ఉన్న రోజుల్లో అట్టముక్కలెందుకు? దీని వెనుక భారత అభిమానులకు గుర్తుండే ఘటన ఒకటుంది. 1999 ప్రపంచకప్‌లో హోవ్ వేదికగా భారత్‌తో ఆడిన మ్యాచ్‌లో దక్షిణాఫ్రికా కోచ్ బాబ్ వూమర్ తన కెప్టెన్ హాన్సీ క్రోనే, బౌలర్ అలన్ డొనాల్డ్ చెవుల్లో ఇయర్‌పీసులు పెట్టించారు. మ్యాచ్ మధ్యలోనే అధికారులు వాటిని తీయించారు. నేటికీ ఆటగాళ్లు మైదానంలో అలాంటి పరికరాలు వాడరాదు. చూపుకు అందే సంకేతమే మిగిలిన దారి.

అసలు ఇబ్బంది కాలంతోనే. అంతర్జాతీయ పరిమిత ఓవర్ల మ్యాచ్‌లలో ఓవరుకూ ఓవరుకూ మధ్య ఇప్పుడు 60 సెకన్లే గడువు. ఆ నిమిషంలోనే బౌలర్‌ను ఎంచుకోవాలి, ఫీల్డర్లను మార్చాలి. విశ్లేషకుడి కంప్యూటర్‌లో ప్రతి బంతి ఎక్కడ పడిందో, ఎంత వేగంతో వచ్చిందో, బ్యాటర్ ఏ షాట్ ఆడాడో నమోదై ఉండవచ్చు. అదంతా కెప్టెన్ ముందు పరిస్తే ఉపయోగం సున్నా. అందుకే పని ముందురోజే జరగాలి. ఏ బ్యాటర్‌కు ఏ రకం బౌలింగ్ కష్టమో కెప్టెన్, కోచ్, విశ్లేషకుడు కూర్చుని మాట్లాడుకుంటే, మైదానంలో చిన్న గుర్తు చాలు. అది కొత్త విషయం చెప్పదు, ముందే ఒప్పుకున్నదాన్ని జ్ఞాపకం చేస్తుంది.

అయితే కుదింపులో ఒక ప్రమాదం దాగి ఉంది. ఉదాహరణకు, ఒక బ్యాటర్ ఒక బౌలర్ వేసిన 18 బంతుల్లో 3 సార్లు అవుటయ్యాడనుకుందాం. ఆరు బంతులకో వికెట్! వెంటనే ఆ బౌలర్‌ను దింపాలనిపిస్తుంది. కానీ ఆ మూడింటిలో ఒక క్యాచ్ జారిపోయి ఉంటే లెక్క తొమ్మిది బంతులకో వికెట్‌గా మారేది. మూడు ఓవర్ల చరిత్రపై అంత భారం మోపడం తగదు. అందువల్ల విశ్లేషకులు ఒక్క బౌలర్‌తో ఆగక, ఎడమచేతి స్పిన్, లెగ్ స్పిన్ వంటి రకాలుగా కలిపి చూస్తారు. అప్పుడు బంతుల సంఖ్య పెరిగి లెక్కకు బలం వస్తుంది. అదే సమయంలో ఆ బౌలర్ ప్రత్యేకత మరుగున పడుతుంది. రెండింటి మధ్య సమతూకం వెతకడమే విశ్లేషకుడి అసలు విద్య. ఒక అంకె, ఒక అక్షరం మాత్రం ఈ సందేహాలేవీ చెప్పవు. బలమైన ఆధారం ఉన్న సలహా, ఊహకు దగ్గరగా ఉన్న సలహా బాల్కనీ నుంచి ఒకేలా కనిపిస్తాయి. ఏ సలహాను ఎంత నమ్మవచ్చో కూడా ముందే చెప్పి ఉంచకపోతే కెప్టెన్‌కు అన్యాయం చేసినట్టే.

భాష సంగతి కూడా చిన్నది కాదు. బౌలర్‌కు శాతాలు అక్కర్లేదు. ఈ బ్యాటర్‌కు బంతి ఎక్కడ వేయాలో నాలుగు వీడియో ముక్కలు చూపిస్తే అతడికి అర్థమవుతుంది. కోచ్ పట్టిక అడగవచ్చు, జట్టు యజమాని వేలంలో ధరకు తగిన విలువ అడుగుతాడు. లీమన్ గతంలో గణిత ఉపాధ్యాయుడు. ఈ పనికి ఆ అనుభవం పనికొచ్చి ఉంటుందనడంలో ఆశ్చర్యం లేదు.

మోర్గాన్ సారథ్యంలోనే 2021 ఐపీఎల్‌లో కోల్‌కతా నైట్ రైడర్స్ డగౌట్ నుంచి '54' అనే సంకేతం కనిపించినప్పుడు, ఇలాంటి కోడ్ భాషను సైన్యంలోనే చూశామని వీరేంద్ర సెహ్వాగ్ చురక వేశారు. నవ్వు తెప్పించినా ఆ మాటలో పట్టించుకోవలసిన సంగతి ఉంది. మంచుకు బంతి తడిసి స్పిన్నర్ చేతిలో జారుతోందని, బౌలర్ వేలికి నొప్పి మొదలైందని, గాలి ఒకవైపు బౌండరీ దిశగా వీస్తోందని ముందుగా తెలిసేది మైదానంలో ఉన్నవారికే. అందుకే కెప్టెన్ సలహాను పక్కన పెట్టిన సందర్భాన్నీ, దానికి కారణాన్నీ రాసి ఉంచాలి. ఆ ఓవర్‌లో సిక్సర్ వచ్చిందా, వికెట్ పడిందా అన్నదాన్ని బట్టి ఎవరు సరైనవారో తేల్చలేం. అలాంటి నిర్ణయాలు ఓ సీజనంతా పోగయ్యాక, ఇద్దరూ కలిసి కూర్చుని చూసుకోవాలి.