ప్రతి బుడిపె సుఖరోగం కాదు

బస్టాండ్ల పక్క గోడల మీద ‘గుప్తరోగాలకు గ్యారంటీ వైద్యం’ అని రాసుకునేటోళ్ల బేరమంతా మన సిగ్గు మీదనే నడుస్తది. అంగం మీద చిన్న గింజ కనబడంగనే మొగోడు రోగం అంటిందని బుగులు పడతడు. ఆడోళ్లయితే ఇంట్ల కూడా నోరు తెరవరు. డాక్టర్‌కు చూపిచ్చుకుంటే చానాసార్లు నిమిషాలల్ల తేలే సంగతి ఇది.

మొగోళ్లను ఎక్కువ భయపెట్టేది ఒకటుంది. శిశ్నం తలకాయ అంచు చుట్టూ ఒకటి రెండు వరుసలల్ల, పూసలు గుచ్చినట్టు, తెల్లగనో చర్మం రంగులనో బుడిపెలు. ఒక్కోటి 1 నుంచి 2 మిల్లీమీటర్లు, అన్నీ ఒక్కతీరు. పర్లీ పెనైల్ పాప్యూల్స్ అంటరు. ఇది రోగమే కాదు, ఎవలకూ అంటదు. వయసుకు వచ్చినంక కనబడతయి, వయసు మీద పడుతుంటే తగ్గుతయి. ఆడోళ్లల్ల లోపలి పెదవుల దగ్గర మెత్తగ, రెండు దిక్కులా ఒక్కతీరుగ ఉండేటియి కూడా ఇసొంటియే. పసుపు తెలుపు చుక్కలైతే నూనె గ్రంథులు. మూతి పెదవుల మీద కూడా కొందరికి ఉంటయి, చూడుండ్రి.

పులిపిర్ల తీరు వేరే. హెచ్‌పీవీ వైరస్‌తోని వస్తయి, ఎక్కువ దాంట్ల 6, 11 రకాలతోనే. వరుస ఉండదు. ఒకటి ఇక్కడ, రెండు అక్కడ. గరుకుగ, కాలీఫ్లవర్ లెక్క పెరుగుతయి, కొత్తయి పుడుతుంటయి. మామూలు బుడిపెకు దేని మొదలు దానికుంటది, పులిపిర్లు ఒక్క మొదలు నుంచి గుత్తిగ లేస్తయి. తడిగ, చదునుగ, వెడల్పుగ ఉంటే సిఫిలిస్ కూడా కావచ్చు. అది కంటితోని తేలదు, రక్తపరీక్ష కావాలె.

కాపురాలు కూలేది ఈ మాట తెల్వకనే: వైరస్ అంటినంక పులిపిరి బయటపడేందుకు వారాలు, నెలలు, ఒక్కోసారి ఏండ్లు కూడా పడతయి. ఇయ్యాల కనబడ్డదంటే నిన్న మోసం చేసినట్టు కాదు.

సున్నం, యాసిడ్, కాలి ఆనెల పట్టీలు పెట్టి కాల్చుకునేటోళ్లున్నరు. అక్కడి చర్మం పల్చన, పుండైతది. సర్కారు పెద్ద దవాఖానలల్ల సురక్ష క్లినిక్‌లున్నయి, పైసలు తీసుకోరు. పులిపిరే అయితే మందు పూస్తరు, లేకుంటే చల్లటి నైట్రోజన్‌తోని తీస్తరు. మళ్ల రావచ్చు, మళ్ల తీస్తరు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఎక్కువ తెచ్చేటియి 16, 18 రకాలు. మన దేశంల తయారైన సెర్వవాక్ టీకా ఈ నాలుగు రకాలకూ అడ్డం పడతది. వైరస్ అంటకముందు, 9 నుంచి 14 ఏండ్ల మధ్యల పిల్లలకు ఏపిస్తేనే దాని ఫాయిదా పూరాగ ఉంటది.