నిప్పును వెంట తీసుకెళ్లారు!

ఉన్న ఊరు విడిచి వెళ్లిపొమ్మంటే ఎవరైనా ఏం తీసుకెళ్తారు? గిన్నెలూ చెంబులూ, నాలుగు బట్టలూ, దాచుకున్న గింజలూ... అమెరికాలోని ఒక క్రీక్ ఊరివాళ్లు మాత్రం, తాము చివరిసారి వెలిగించుకున్న మంటలోని బూడిదను కూడా జాగ్రత్తగా పట్టుకెళ్లారు. వాళ్ల పొరుగు తెగ చెరోకీలకూ నిప్పంటే అంతే గురి. ఈ రెండు తెగల నమ్మకాలూ పండగలూ ఆ మంట చుట్టూనే అల్లుకున్నాయి మరి!

జార్జియా, అలబామా నదుల ఒడ్డున క్రీకులూ, అపలేచియన్ కొండల్లో చెరోకీలూ తరతరాలుగా ఉండేవారు. 'క్రీక్' అంటే వాగు. వాగుల పక్కన ఊళ్లు కట్టుకున్నారని బ్రిటిష్ వర్తకులు పెట్టిన పేరది. వాళ్లు మాత్రం తమను మస్కోగీలనే చెప్పుకుంటారు. సినిమాల్లో చూపించినట్టు గుడారాలు మోసుకుంటూ తిరిగే జాతులు కావివి. మట్టి మెత్తిన ఇళ్లూ, ఊరి చుట్టూ చేలూ ఉన్న రైతులు. ఒకే చేలో మొక్కజొన్న, దాని కాండాన్ని పట్టుకుని పాకే చిక్కుడు, కింద నేలంతా కమ్మేసే గుమ్మడి వేసేవారు. చిక్కుడు నేలకు సత్తువనిస్తే గుమ్మడాకులు తేమను కాపాడేవి.

సాలీడు తెచ్చింది!

మొదట్లో లోకమంతా చలేనట. ఎక్కడో నీళ్ల మధ్య దీవిలో, ఓ చెట్టు తొర్రలో మాత్రం నిప్పు ఉండేది. తెస్తానని వెళ్లిన కాకి మసి పట్టి నల్లబడింది. గుడ్లగూబల కళ్లు మాడాయి. పాములూ నల్లగా కమిలిపోయి తిరిగొచ్చాయి. బలమైన జంతువులన్నీ తలో సాకు చెప్పి తప్పుకున్నాయి. చివరికి నీటి సాలీడు తన దారంతో చిన్న గిన్నె అల్లి వీపున కట్టుకుని, అందులో ఒక్క నిప్పు కణిక పెట్టుకొచ్చిందట. ఇది చెరోకీల కథ. పెద్దలు చెప్పగా జేమ్స్ మూనీ అనే పరిశోధకుడు ఇలాంటివెన్నో సేకరించి 1900లో అచ్చు వేయించాడు.

వేటగాళ్ల కథ మరొకటి. మనుషులు విచ్చలవిడిగా వేటాడుతుంటే జంతువులన్నీ సభ పెట్టుకున్నాయట. చంపాక మన్నించమని అడగని వేటగాడికి కీళ్లనొప్పులు తెప్పించాలని జింకలు తీర్మానించాయి. జింకల నాయకుడు రక్తపు చుక్కల దగ్గరకొచ్చి, 'అతను క్షమాపణ అడిగాడా?' అని విచారిస్తాడు. లేదంటే జాడ పట్టుకుని వేటగాడి ఇంటికే వెళ్తాడు! ఈ సంగతి తెలిసి మొక్కలు జాలిపడ్డాయి. ఒక్కో రోగానికి ఒక్కో మందవుతామని మాటిచ్చాయి. రోగం జంతువు నుంచీ మందు మొక్క నుంచీ వస్తాయన్న నమ్మకం అలా పుట్టింది.

కొత్త నిప్పు... కొత్త ఏడాది

క్రీకుల కొత్త సంవత్సరం వేసవిలో మొక్కజొన్న కంకులు పాలు పోసుకుని గింజ కట్టినప్పుడు మొదలవుతుంది. పండగ కాకుండా కొత్త కంకి కొరకడం తప్పు. 1770ల్లో ఆ ప్రాంతమంతా తిరిగిన విలియం బార్‌ట్రమ్ అనే వృక్షశాస్త్రవేత్త 1791లో అచ్చయిన తన పుస్తకంలో ఈ పండగను వివరించాడు. ఇళ్లూ వీధులూ ఊడ్చి, పాత బట్టలూ పాత సామానూ మిగిలిన పాతగింజలూ కుప్పపోసి కాల్చేసేవారు. ఊళ్లో ప్రతి పొయ్యీ ఆర్పేసి మూడు రోజులు ఉపవాసం ఉండేవారు. నాలుగోరోజు ఉదయం పూజారి ఊరి మధ్య ఎండు కట్టెలు రాపాడించి కొత్త నిప్పు పుట్టించేవాడు. ఇంటింటికీ అదే నిప్పు.

అసలు విశేషం అది కాదు. పాత నిప్పుతోపాటు పాత తప్పులూ ఆరిపోవాల్సిందే! హత్య తప్ప మిగతా నేరాలన్నీ ఆ రోజుతో మాఫీ. తప్పుచేసి పారిపోయినవాళ్లు కూడా తలెత్తుకుని ఊళ్లోకి రావచ్చు. కక్షలు మర్చిపోయి అంతా ఒకే మంట చుట్టూ ఆడేవారు. కాళ్లకు గులకరాళ్లు నింపిన తాబేటి డిప్పలు కట్టుకుని ఆడవాళ్లు తాళం వేస్తుంటే, తెల్లవార్లూ ఆట సాగేది.

అమ్మ వంశమే వంశం

చెరోకీల్లో తోడేలు, జింక, పక్షి వంటి ఏడు వంశాలుంటాయి. బిడ్డది తల్లి వంశమే. మనకు సగోత్రంలాగే అక్కడా ఒకే వంశంలో పెళ్లి నిషిద్ధం. ఇల్లూ చేనూ ఆడవాళ్లవి. పెళ్లయ్యాక భర్తే భార్య ఇంటికొస్తాడు. పిల్లల్ని మందలించే పెద్దరికం తండ్రికన్నా మేనమామదే. క్రీకుల్లోనూ వంశం తల్లివైపు నుంచే. నేల గురించి మాట్లాడే హక్కూ ఆడవాళ్లకుండేది. తెగ అంతా గౌరవించిన నాన్సీ వార్డ్ ముసలితనంలో, 1817లో, ఇకపై అంగుళం భూమి కూడా వదులుకోవద్దని పెద్దలకు చెప్పి పంపింది.

ఆమె భయమే నిజమైంది. ఆదివాసులను మిసిసిపీ నదికి పడమరగా పంపించే చట్టం 1830లో వచ్చింది. 1836లో క్రీకులను సైన్యం తరిమింది. 1838-39లో దాదాపు 16 వేలమంది చెరోకీలను వెళ్లగొడితే, సుమారు 4 వేలమంది చలికీ రోగాలకీ బలైపోయారు. చరిత్రలో అది 'కన్నీటి బాట'.

లోచపోక అనే క్రీక్ ఊరివాళ్లు బూడిద తీసుకెళ్లింది ఆ రోజుల్లోనే. 1836లో ఓక్లహోమా చేరి, ఆర్కన్సా నది పక్క గుట్టమీద ఓ ఓక్ చెట్టు కింద బూడిద ఉంచి కొత్త మంట వెలిగించారు. ఆ చోటే నేటి టల్సా నగరం. ఆ పేరు క్రీకు మాట నుంచి పుట్టింది. 'పాత ఊరు' అని అర్థం!

తిరిగొచ్చిన మంట

తూర్పు ఓక్లహోమాలోని క్రీకుల ప్రాంతం చట్టం దృష్టిలో ఇంకా వాళ్లదేనని 2020లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. కంకుల పండగ అక్కడ ఇప్పటికీ జరుగుతోంది. బెంగ పెడుతున్నది భాష. చెరోకీ ధారాళంగా మాట్లాడేవాళ్లు ఏటికేడూ తగ్గిపోతుంటే మూడు చెరోకీ ప్రభుత్వాలూ కలిసి 2019లో భాషకు అత్యవసర పరిస్థితి ప్రకటించాయి.

నిప్పు మాత్రం ఇల్లు చేరింది. 1951లో ఓక్లహోమా నుంచి నార్త్ కరోలినా కొండల్లో మిగిలిన చెరోకీల దగ్గరకు నిప్పు తెచ్చారు. 1984లో ఆ నిప్పుతోనే వెలిగించిన కాగడాలను పట్టుకుని యువకులు టెనెసీలోని రెడ్ క్లే వరకూ పరుగెత్తారు. వెళ్లగొట్టకముందు చెరోకీల పెద్దలు చివరిగా సభలు జరిపిన చోటది. 146 ఏళ్ల తర్వాత తూర్పువాళ్లూ పడమటివాళ్లూ అక్కడ మళ్లీ ఒకే మంట చుట్టూ కూర్చున్నారు.