దైవసేవకు సిద్ధపడుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు స్వాగతం



వేసవి సెలవులు ముగిశాయి. మన వేదాంత కళాశాలల్లో నూతన విద్యా సంవత్సరం ఆరంభమవుతోంది. మన సంఘాల నుండి యౌవనస్థులు ఒక పెట్టె, ఒక బైబిలు, అమ్మ కట్టి ఇచ్చిన పచ్చడి సీసాతో హాస్టళ్లలో చేరుతున్నారు. వారికి పాఠాలు చెప్పేది అక్కడి అధ్యాపకులే. అయినా ఆసుపత్రి వారమైన మేము కూడా వారిని ఆహ్వానించాలనుకున్నాము. ఎందుకో ఈ పేజీ చదివితే మీకే తెలుస్తుంది.

కలిసి నడిచిన రెండు సేవలు

ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల 1964లో రాజమండ్రిలో ప్రారంభమై, 1973లో హైదరాబాదుకు తరలివచ్చింది. లూథరన్, బాప్టిస్టు, సి.ఎస్.ఐ., మెథడిస్టు సంఘాలు ఎవరి బడి వారు నడుపుకొనడం కంటే కలిసి నేర్పడం మేలని ఎంచి చేసిన పని అది. అంతకు ఎంతో ముందే, 1883లో, డాక్టర్ అన్నా కుగ్లర్ అమ్మగారు గుంటూరు వచ్చి స్త్రీలకు, పిల్లలకు వైద్యం చేశారు. వాక్యం బోధించేవారు, మందు ఇచ్చేవారు మన నేలలో మొదటి నుండీ ఇరుగుపొరుగువారే.

ఒక తల్లి సంగతి

కొన్నేళ్ల క్రితం ఒక యువతి టి.బి.తో మా వద్దకు వచ్చింది. మందులు మొదలుపెట్టిన రెండు నెలలకే దగ్గు తగ్గింది, ఒళ్లు చేసింది. ఊరిలో ప్రార్థన కూడికలో ఆమె సాక్ష్యం చెప్పింది. "దేవుడు స్వస్థపరిచాడు, ఇక మందులెందుకమ్మా" అన్నారు సంఘకాపరి. ఆమె మానేసింది. నాలుగు నెలల తర్వాత నెత్తురు కక్కుతూ మళ్లీ వచ్చింది. ఈసారి ఇంట్లో చిన్నపిల్లవాడికి కూడా జబ్బు అంటుకుంది.

ఆ కాపరి వార్డుకు వచ్చి, మంచం పక్కన కూర్చొని ఏడ్చారు. తప్పు ఆయనది మాత్రమే కాదు. మందులు ఎన్ని నెలలు వాడాలో మేము ఆమెకు చెప్పాము గాని, ఆమె ఎవరి మాట వింటుందో వారికి చెప్పలేదు. ఆ తర్వాత ప్రతి నెలా ఆయనే ఆమెను వెంటబెట్టుకొని వచ్చారు. తల్లీబిడ్డా ఇద్దరూ బాగుపడ్డారు.

విద్యార్థులకు మా మనవి

రేపు మీరు కాపరులైనప్పుడు రోగి ముందు మీ గుమ్మం తొక్కి, ఆ తర్వాతే మా గుమ్మం తొక్కవచ్చు. అందుకే ఇవి గుర్తుంచుకోండి.

రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే గళ్ల పరీక్షకు పంపండి. టి.బి. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. సాధారణంగా ఆరు నెలలు వాడాలి. పోషకాహారం కోసం 2024 నవంబరు నుండి రోగికి నెలకు 1000 రూపాయలు ఇస్తున్నారు.

ఫిట్స్ వస్తే దయ్యమని భయపడకండి. చేతిలో తాళంచెవులు పెట్టినందువల్ల ప్రయోజనం లేదు. నోటిలో ఏమీ పెట్టకుండా ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఐదు నిమిషాలకు తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఉపవాస ప్రార్థనలకు ముందు, షుగరు మందులు వాడేవారిని డాక్టరును అడిగి రమ్మనండి. ఇన్సులిన్ వేసుకొని తినకుండా ఉంటే ప్రాణాపాయం.

ప్రార్థన చేయవద్దని మేము అనడం లేదు. మేమూ ప్రతి ఆపరేషనుకు ముందు ప్రార్థిస్తాము. ప్రార్థించి, మాత్ర వేసుకొమ్మని మీరే చెప్పండి. మంచి సమరయుడు గాయాలు కట్టి, సత్రంలో చేర్చి, ఖర్చు కూడా భరించాడు గదా!

మీ ఆరోగ్యం మాటేమిటి?

హాస్టలులో వర్షాకాలం నీళ్లు కాచి తాగండి. దోమతెర కట్టుకోండి. గ్రీకు, హెబ్రీ పాఠాలు మొదట్లో కొండలా కనిపిస్తాయి. రాత్రంతా మేల్కొంటే ఆ కొండ కరగదు. ఇంటి మీద బెంగ, నిద్ర పట్టకపోవడం, నేను ఈ పిలుపుకు తగనేమోనన్న దిగులు విశ్వాసలోపం కాదు. అధ్యాపకులకు చెప్పుకోండి. 14416కు ఫోను చేస్తే టెలీ మానస్ సలహాదారులు తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు.

సంఘ కుటుంబాలారా, మీ ఊరి నుండి వెళ్లిన విద్యార్థికి ఈ వారమే ఒక ఫోను చేయండి. "ఎలా చదువుతున్నావు" అనే ముందు "అన్నం తిన్నావా" అని అడగండి. వాళ్లు సెలవులకు వచ్చినప్పుడు ఒక పూట మా వార్డులకు పంపండి. రోగి మంచం పక్కన మౌనంగా కూర్చోవడం కూడా ఒక పాఠమే. దానికి మా తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి.

ఈ యౌవనస్థులను దేవుడు దీవించి, ఆత్మకూ దేహానికీ మేలుచేసే కాపరులుగా తీర్చిదిద్దును గాక. ఆమేన్.