సెల్‌ఫోను బొత్తాం మొరాయిస్తే...

సెల్‌ఫోను పక్కన గోరంత బొత్తాం ఉంటుంది. రోజుకు ఎన్నిసార్లు నొక్కుతామో లెక్కే లేదు. పనిచేసినన్నాళ్ళు దాన్ని ఎవరూ పట్టించుకోరు. మొరాయించిన రోజున మాత్రం ఫోనే పోయిందని బెంబేలు పడతారు.

ఇంతకూ ఆ బొత్తాంలో ఏముంది? పైకి కనిపించేది వట్టి తొడుగు. అసలు పని దాని వెనుక ఉన్న పలుచని ఉక్కు బిళ్ళది. మినపగింజంత బిళ్ళ అది. బోర్లించిన మూకుడులా కొంచెం ఉబ్బి ఉంటుంది. దాని అంచులు ఒక రాగి గీత మీద ఆని ఉంటాయి. మధ్యలో, బిళ్ళకు తగలకుండా, మరో రాగి చుక్క ఉంటుంది. నొక్కగానే ఉబ్బు ఒక్కసారిగా సొట్టపడి ఆ చుక్కను తాకుతుంది. వేలు తీస్తే తనంతట తానే పైకి లేస్తుంది. వేలికి తెలిసే ‘టిక్కు’ అదే. తిరునాళ్ళలో పిల్లలు కొనుక్కునే రేకు కప్ప బొమ్మ టిక్కుటిక్కుమనేది కూడా ఈ సూత్రం మీదనే.

ఫోను నడిచే కరెంటంతా ఈ బొత్తాం గుండా పోతుందనుకుంటే పొరపాటు. కాంటాక్టరు ఉన్న మోటారు స్టార్టరు రైతులకు తెలిసిందే. అందులో పచ్చ బొత్తాం కాయిల్‌కు కబురు మాత్రమే పంపుతుంది. మోటారు కరెంటు వేరే దారిన పోతుంది. ఫోనులోనూ అంతే. ఆఫ్ చేసి ఉన్నా ఒక చిప్పు బ్యాటరీ నుంచి రవ్వంత కరెంటు తీసుకుంటూ మేలుకొనే ఉంటుంది. బొత్తాం ఎంతసేపు నొక్కారో అది చూస్తుంది. నొక్కి వదిలితే తెర వెలుగుతుంది, లేదా ఆరుతుంది. చాలాసేపు పట్టి ఉంచితే అనేక ఫోన్లు ఆగి మళ్ళీ మొదలవుతాయి.

చిక్కు ఇక్కడే. చెమట, దుమ్ము చేరి బొత్తాం లోపలికి ఇరుక్కుపోతే, ఇంకా నొక్కే ఉన్నారని చిప్పు అనుకుంటుంది. ఫోను దానంతటదే ఆగుతూ, మొదలవుతూ ఉంటుంది. బ్యాటరీ పోయిందని కొత్తది కొనేవారున్నారు. ముందు బొత్తాం చూడమని బాగుచేసేవారిని అడగాలి. చాలా ఫోన్లలో అది ఒక పలుచని పట్టీ మీద ఉంటుంది. పట్టీ మారిస్తే చాలు, బోర్డు జోలికి పోనక్కరలేదు. సందులో నూనె వేయడం, పిన్నుతో పొడవడం మాత్రం వద్దు.

బొత్తాం సరిగా పనిచేయని ఫోనును ఆఫ్ చేయకండి. ఛార్జింగు అడుగంటనివ్వకండి. ఛార్జరు పెట్టినా కొన్ని ఫోన్లు బొత్తాం నొక్కనిదే తెరుచుకోవు. తెరను రెండుసార్లు తడితే వెలిగే సదుపాయం ఉంటే, బాగుచేయించేదాకా దానితో నెట్టుకురావచ్చు.

బాగుచేయించడంలో జాప్యం తగదు. ఆపదలో ఈ బొత్తామే అక్కరకొస్తుంది. వెంటవెంటనే మూడుసార్లు నొక్కితే అత్యవసర కాల్ వెళ్ళే ఏర్పాటు గురించి కేంద్రం 2016లో నిబంధనలు తెచ్చింది. కీప్యాడ్ ఫోన్లకైతే 5 లేదా 9 అంకెను నిర్ణయించింది. కొన్ని ఫోన్లలో ఐదుసార్లు నొక్కాలి. మీ ఫోనులో ఎలా ఉందో సెట్టింగులలో ‘ఎమర్జెన్సీ’ అన్నచోట చూసుకోండి. సరదాకు నొక్కి చూస్తే నిజంగానే 112కు కాల్ పోతుంది.