చిట్టెలుక తల విదిలిస్తే...

శాంతపరిచే మందు అన్నిటినీ శాంతపరచదని గాబా ప్రయోగాలు చెబుతున్నాయి

నిద్రమాత్ర, ఆందోళన తగ్గించే బిళ్ల, కండరాల బిగుతు సడలించే మందు... వీటిలో చాలావాటి పని మెదడులోని గాబా వ్యవస్థ మీదే. గాబా నాడీకణాల జోరు తగ్గించే రసాయనం. కనుక దాని బలం పెంచితే మెదడంతా సద్దుమణుగుతుందన్న లెక్క మనలో పాతుకుపోయింది. ఆ లెక్క ఎంత పైపైదో చెప్పడానికి ప్రయోగశాలలోని చిట్టెలుక చాలు. మెదడులోని మరో రసాయనం సెరటోనిన్. అది రక్తంలోంచి మెదడులోకి వెళ్లలేదు. దాని ముడిసరుకైన 5-హెచ్‌టీపీ వెళ్లగలదు. అక్కడ సెరటోనిన్‌గా మారుతుంది. తగిన మోతాదు అందిన చిట్టెలుక చెవిలో నీళ్లు పడ్డట్టు తల విదిలిస్తుంది. ఆ విదిలింపులను లెక్కపెట్టే పద్ధతి 1963 నుంచీ ఉంది. ఈ విదిలింపును నడిపేది 5-హెచ్‌టీ2ఏ అనే గ్రాహకమని, అంటే కణం మీద సెరటోనిన్‌ను అందుకునే భాగమని, తర్వాత తేలింది. ఆ గ్రాహకం లేకుండా పుట్టించిన ఎలుకలు, దాన్ని ప్రేరేపించే ఎల్‌ఎస్‌డీ ఇచ్చినా తల విదిలించవు.

అసలు విశేషం 1985లో బయటపడింది. గాబాను అందుకునే గాబా-బి గ్రాహకాలను ప్రేరేపించే మందు బాక్లోఫెన్‌ను చిట్టెలుకలకు పదేపదే ఇస్తే తల విదిలింపులు తగ్గలేదు, పెరిగాయి. మెదడు ముందు భాగపు పొరలో ఆ రకం సెరటోనిన్ గ్రాహకాల సంఖ్యా పెరిగింది. ఎలుకలకు పలుమార్లు విద్యుత్ షాక్ చికిత్స ఇచ్చినా ఇదే ఫలితం. చాలా డిప్రెషన్ మందులు దీర్ఘకాలం వాడితే మాత్రం ఆ గ్రాహకాలు తగ్గుతాయి. అంటే గాబా మందు ప్రభావం ఆ పూట అణచివేతతో ముగిసిపోదు. సెరటోనిన్‌ను అందుకునే కణాలు తమ తీరునే మార్చుకుంటాయి. పైగా గాబా అణచే కణాల్లో ఇతర కణాలను అణచేవీ ఉంటాయి. వాటిని అణచితే వాటి అదుపులో ఉన్నవి చెలరేగుతాయి.

ఎలుక తల విదిలింపుకీ మనిషి దిగులుకీ పొంతన ఏమిటని అడగవచ్చు. నేరుగా ఏమీ లేదు. అది దిగులుకు కొలమానం కాదు, ఒక గ్రాహకం ఎంత చురుగ్గా ఉందో చూపే సూచిక మాత్రమే. ఎలుకలో గ్రాహకాలు పెరిగాయని మనిషిలోనూ పెరుగుతాయనుకోవడం తొందరపాటే. బాక్లోఫెన్ నేటికీ ప్రధానంగా కండరాల బిగుతుకే వాడుకలో ఉంది. అలాగని ఇదంతా ఎలుకలకే పరిమితమని కొట్టిపారేయలేం. గాబా-ఎ గ్రాహకాల మీద పనిచేసే బ్రెక్సనలోన్‌ను ప్రసవానంతర డిప్రెషన్‌కు అమెరికా 2019లో ఆమోదించింది. గాబాకీ మానసిక స్థితికీ ముడి మనుషుల్లోనూ ఉందనడానికి అదే రుజువు.

మందుకు మెదడు అలవాటుపడటం మనకు తెలియని సంగతేమీ కాదు. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపే ఆల్ప్రజోలం గాబా మందే; ఉన్నట్టుండి అది అందకపోతే తాగినవాళ్లకు వణుకు, ఫిట్స్ వస్తాయి. అందుకే ఇలాంటి మాత్రలను పక్కింటివాళ్ల సలహాతో మొదలుపెట్టకండి. ఇప్పటికే వాడుతుంటే సొంతంగా ఆపేయకండి. డాక్టరు చెప్పినట్టు మోతాదు మెల్లగా తగ్గించుకోండి.