ఫిర్యాదు చేసినా చదువు ఆగకూడదు

2007 డిసెంబరు 27. విజయవాడ శివారు ఇబ్రహీంపట్నంలోని ఒక లేడీస్ హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని శవమై కనిపించింది. అత్యాచారం చేసి చంపేశారు. 2010లో మహిళా కోర్టు ఒక యువకుడికి శిక్ష వేసింది. 2017లో హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా విడిచిపెట్టింది. ఆ తర్వాత కేసు సీబీఐ చేతికి వెళ్ళింది. 2019 చివర్లో సమాధి తవ్వి, పన్నెండేళ్ళనాటి అవశేషాలకు మళ్ళీ పరీక్షలు జరిపారు. కన్నవాళ్ళు అన్నేళ్ళూ న్యాయం కోసం తిరుగుతూనే ఉన్నారు.

ఇలాంటి ఘోరం జరిగినప్పుడల్లా మనకు కోపం వస్తుంది. గవర్నర్‌పేట లెనిన్ సెంటర్‌కు కొవ్వొత్తులూ నినాదాలూ కొత్త కావు. ఆ కోపం అవసరమే. కానీ చనిపోకుండా మిగిలిన అమ్మాయి సంగతేమిటి? మర్నాడు పొద్దున్నే మళ్ళీ కాలేజీ బస్సెక్కాలి, అదే ల్యాబ్‌లో అదే మనిషి ముందు నిలబడాలి. ఆమె కోసం మన కాలేజీల్లో ఏముంది?

గుడివాడ, ఉయ్యూరు, మైలవరం, నూజివీడు వైపు నుంచి బెజవాడ వచ్చి చదువుకునే ఆడపిల్లల్లో చాలామందిని నోరు మెదపనివ్వనిది ఒకటే భయం: ‘ఇంట్లో తెలిస్తే చదువు మాన్పిస్తారు.’ ఆ వెనకే పెళ్ళి సంబంధాలు మొదలవుతాయి. తప్పు చేసినవాడు డిగ్రీ పట్టా పుచ్చుకుంటాడు, ఫిర్యాదు చేసిన పిల్ల ఇంట్లో కూర్చుంటుంది. మార్చి 8న సభ పెట్టి, శాలువాలు కప్పి, రెండు కరాటే దెబ్బలు నేర్పించినంత మాత్రాన ఈ భయం పోదు. 2020లో దిశ యాప్ వచ్చింది, 2025లో శక్తి యాప్ వచ్చింది. రోడ్డు మీద ఆపద ఎదురైతే అలాంటివి పనికొస్తాయి. ఇంటర్నల్ మార్కులు చేతిలో పెట్టుకుని వేధించే అధ్యాపకుడి విషయంలో ఏ బటన్ నొక్కాలి?

దానికి జవాబు లైంగిక వేధింపులపై విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) తెచ్చిన 2015 నిబంధనల్లో ఉంది. 2016 మేలో నోటిఫై అయ్యాయి. ప్రతి కాలేజీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. దాన్ని సీనియర్ మహిళా అధ్యాపకురాలు నడపాలి. సభ్యుల్లో సగానికి తగ్గకుండా మహిళలుండాలి. ప్రిన్సిపాల్, డీన్, విభాగాధిపతి వంటి పెద్ద పదవుల్లో ఉన్నవారు అందులో కూర్చోకూడదు. విద్యార్థుల వ్యవహారమైతే, విద్యార్థులే ఎన్నుకున్న ముగ్గురు ప్రతినిధులుండాలి. బయటి స్వచ్ఛంద సంస్థ నుంచి ఒకరు రావాలి. 1969లో చెన్నుపాటి విద్య వంటివారు మొదలుపెట్టిన వాసవ్య మహిళా మండలి ఉన్న ఊరు ఇది. అలాంటివారి కోసం మనం ఎక్కడికో వెళ్ళి వెతకనక్కర్లేదు.

నాకు అన్నిటికంటే విలువైనవిగా కనిపించేవి అదే నిబంధనల్లోని చిన్న చిన్న ఏర్పాట్లు. విచారణ జరుగుతుండగా బాధితురాలికి మూడు నెలల వరకు సెలవు ఇవ్వవచ్చు. ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి ఆమె పేపర్లు దిద్దకుండా, మార్కులు వేయకుండా ఆపవచ్చు. ఆమె కోరితే ఆమెనో అతణ్ణో వేరే విభాగానికి మార్చవచ్చు. విచారణ తొంభై రోజుల్లో ముగించాలి. ఆమె స్వయంగా ఫిర్యాదు చేయలేని స్థితిలో ఉంటే స్నేహితురాలు చేయవచ్చు. వేధింపులకు గురయ్యే మగపిల్లల్నీ, ట్రాన్స్‌జెండర్ విద్యార్థుల్నీ ఈ నిబంధనలు మరచిపోలేదు. అటెండెన్స్, మార్కులు, సెలవు... చదువును నిలబెట్టేవి ఇవే. ఇవి తన హక్కులని ఆమెకు ఫిర్యాదుకు ముందే తెలియాలి.

కమిటీ ఉన్నా దాని మీద నమ్మకం లేకపోతే ఏమవుతుందో పక్క రాష్ట్రంలో చూశాం. 2025 జూలైలో ఒడిశాలోని బాలేశ్వర్‌లో ఒక విద్యార్థిని విభాగాధిపతి మీద ఫిర్యాదు చేసి, న్యాయం దక్కదనుకుని కాలేజీ ఆవరణలోనే నిప్పంటించుకుని ప్రాణాలు వదిలింది. మన దగ్గర 2024 ఆగస్టు చివర్లో గుడ్లవల్లేరు ఇంజనీరింగ్ కాలేజీ అమ్మాయిలు హాస్టల్ బాత్‌రూముల్లో రహస్య కెమెరాలున్నాయంటూ రాత్రంతా ఆందోళన చేశారు. కెమెరాలేవీ దొరకలేదని పోలీసులు చెప్పారు. దొరకకపోవడం మంచి వార్తే. కానీ వందలమంది అమ్మాయిలు అర్ధరాత్రి బయటికొచ్చి అరిస్తే తప్ప తమ మాట ఎవరూ వినరనుకున్నారే, దాన్ని ఏ కాలేజీ యాజమాన్యమూ తేలిగ్గా తీసుకోకూడదు.

డిగ్రీ, ఇంజనీరింగ్ కాలేజీల సంగతి ఇది. విజయవాడ పేరు మోసింది ఇంటర్ కోచింగుతో. అక్కడ యూజీసీ లేదు, పిల్లలకు పద్దెనిమిదేళ్ళు నిండలేదు. లైంగిక నేరాల నుంచి వాళ్ళను కాపాడేందుకు 2012 నాటి పోక్సో చట్టం ఉంది. తెలిసీ పోలీసులకు చెప్పకపోతే నేరం. కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచిన సంస్థ బాధ్యుడికి ఏడాది దాకా జైలు. ‘పరువు పోతుంది, మనలో మనం సర్దుకుందాం’ అనే వార్డెన్‌కు ఈ సంగతి తెలుసా?

ఘోరం జరిగిపోతే గంటలు లెక్కపెట్టుకోవాలి. హెచ్‌ఐవీ సోకకుండా మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత తొందరగా వేస్తే అంత మేలు. ప్రభుత్వ ఆస్పత్రైనా ప్రైవేటుదైనా ఉచితంగా వైద్యం చేయాలి. ఎఫ్‌ఐఆర్ తెస్తేనే చూస్తామనకూడదు. బాధితురాలికి చేసే రెండు వేళ్ళ పరీక్ష తప్పని సుప్రీంకోర్టు 2013లోనూ 2022లోనూ చెప్పింది. ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ రాయించవచ్చు. 181కి ఫోన్ చేస్తే బాధిత మహిళలకు సాయం చేసే సఖి కేంద్రం దారి చూపుతుంది. ఈ నాలుగు మాటలు ప్రతి హాస్టల్ గోడ మీద తెలుగులో రాసి ఉంచడానికి ఖర్చెంత?

ఇక గోప్యత. 2024 డిసెంబరులో చెన్నై అన్నా విశ్వవిద్యాలయంలో విద్యార్థిని మీద అత్యాచారం జరిగితే, ఆమె వివరాలున్న ఎఫ్‌ఐఆర్ బయటికి పొక్కింది. మద్రాసు హైకోర్టు మండిపడి 25 లక్షల మధ్యంతర పరిహారం ఇమ్మంది, మహిళా ఐపీఎస్ అధికారులతో దర్యాప్తు బృందం వేసింది. ఆ కేసులో దోషికి అయిదారు నెలల్లోనే జీవితఖైదు పడింది. పేరు పొక్కదన్న భరోసా ఉంటేనే రెండో అమ్మాయి నోరు తెరుస్తుంది.

1986లో అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయం హాస్టల్ గదిలో జీన్ క్లెరీ అనే విద్యార్థినిని అత్యాచారం చేసి చంపారు. ఆమె తల్లిదండ్రుల పోరాటంతో 1990లో చట్టం వచ్చింది. అక్కడి కాలేజీలు ఏటా తమ ఆవరణలో జరిగిన నేరాల లెక్క బయటపెట్టాలి. ఎంఎస్‌కు వెళ్ళే మన పిల్లలు ఆ లెక్క చూసుకుని చేరవచ్చు. ఇక్కడ మనం ర్యాంకులు అడుగుతాం, ఫీజు రాయితీ అడుగుతాం. కమిటీ వివరాలు కాలేజీ వెబ్‌సైట్లో పెట్టాలని 2023 మేలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఈసారి అడ్మిషన్ కౌంటర్ దగ్గర అమ్మానాన్నలు అదీ అడగాలి: మీ కమిటీలో ఎవరెవరున్నారు, పిల్లలు ఎన్నుకున్న ప్రతినిధులెవరు, రాత్రి పదింటికి మా అమ్మాయి ఎవరికి ఫోన్ చేయాలి?