ఐదు గంటల కొలువు

పత్తి ఏరే నెలల్లో మా ఊరి ఆడవాళ్ల వేళ్లకు గీతలుండవు. దూది ఊడదీసేటప్పుడు ఎండిన కాయ మొనలు గుచ్చుకుంటాయి. పొద్దంతా ఏరితే వేళ్ల కొసలు గీరుకుపోయి, నాలుగు రోజులకు నున్నబడతాయి. అలాంటి వేలు తెచ్చి మా యంత్రం మీద పెడితే అది గుర్తుపట్టదు. గుర్తుపట్టకపోతే పైసలు రావు. బ్రాంచి పోస్టుమాస్టరుగా చలికాలమంతా నా అసలు పని ఈ వేళ్లతోనే.

మాది తెలంగాణలో ఒక పత్తి ఊరు. ఆసరా పింఛన్లు పోస్టాఫీసులోనే ఇస్తాం. ఖాతా వేరే బ్యాంకులో ఉన్నా సరే, దానికి ఆధార్ కలిపి ఉంటే వేలిముద్ర వేసి ఇక్కడే డబ్బు తీసుకోవచ్చు. 2018 సెప్టెంబరులో ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు మొదలయ్యాక పల్లెకు వచ్చిన సౌకర్యమిది. మండలానికి పోతే ఆటో కిరాయి, ఒక పూట కైకిలి రెండూ పోతాయి. అందుకే పీఎం కిసాన్ రెండు వేలు పడ్డాయని తెలిస్తే ముందు మా గడపే తొక్కుతారు.

"ఇయ్యాల, రేపు అని తిప్పకు బిడ్డా" అంటుంది ఒక అవ్వ, ఆమె పైసలు నేనే దాచుకున్నట్టు.

"నీ వేలే ఒప్పుకుంటలేదవ్వా, నేనేం జేయాలె?"

తడిగుడ్డతో తుడిపిస్తాను. కాస్త కొబ్బరినూనె రాసి మళ్లీ తుడిపిస్తాను. బొటనవేలు పడకపోతే ఉంగరపు వేలు, అదీ కాకపోతే ఎడమచెయ్యి. పొలం పనిలో చిటికెన వేలు తక్కువ అరుగుతుంది, చాలామందిని గట్టెక్కించేది అదే. ఎవరికి ఏ వేలు పడుతుందో నాకు కంఠతా వచ్చు. పింఛన్లకు ఇప్పుడు ముఖం చూసి గుర్తుపట్టే పద్ధతి కూడా వచ్చింది. అప్పటినుంచి అవ్వలను ఒక్కొక్కరిని వెలుతురున్న వాకిట్లోకి నడిపించి, "కండ్లార్పు, మళ్లొకసారి ఆర్పు" అనడం కొత్త పని. వాళ్లకు ఇదొక వేడుక. నాకు మాత్రం వంట ఆలస్యం.

నా హోదా పేరు గ్రామీణ డాక్ సేవక్. దేశంలోని లక్షన్నరకు పైగా పోస్టాఫీసుల్లో పదింట తొమ్మిది పల్లెల్లోనే ఉన్నాయి, వాటిలో ఎక్కువ మావంటి బ్రాంచి ఆఫీసులే. పరీక్ష ఉండదు, పదో తరగతి మార్కులు చూసి తీసుకుంటారు. సైకిల్ తొక్కడం రావాలన్నది ఇప్పటికీ అర్హతల్లో ఒకటి. రోజుకు ఐదు గంటలకు మించి పని చేయించకూడదని నిబంధన. 65 ఏళ్ల దాకా కొలువు. బతకడానికి వేరే ఆదాయం ఉందని చేరేటప్పుడే రాసివ్వాలి. ఆఫీసుకు గది కూడా మనమే చూసుకోవాలి. మాకు ఇంటి ముందరి గదే ఆఫీసు. 2018 జూలై నుంచి నాలుగు గంటల పోస్టుమాస్టరుకు నెలకు 12,000, ఐదు గంటలైతే 14,500 రూపాయలతో మొదలవుతుంది, పైన కరువు భత్యం.

1977లో పి.కె.రాజమ్మ కేసులో సుప్రీంకోర్టు మా కొలువు సివిల్ పోస్టేనని తేల్చింది. నిబంధనలేమో సివిల్ పోస్టే గానీ రెగ్యులర్ సివిల్ సర్వీసులోకి రాదంటాయి. ఇది మా అత్తకు విడమరిచి చెప్పబోతే, "గంటే సర్కారు కొలువా, కాదా?" అని ఒక్క ముక్కలో అడిగింది. ఆమెకింకా జవాబు బాకీ ఉన్నాను.

చేరేటప్పుడు నేను రాసిచ్చిన వేరే ఆదాయం మాకూ పత్తే. పొద్దున యంత్రం ముందు నా వేలిముద్రే అడుగుతుంది. చేనులో ఏరిన మర్నాడు అది నన్నూ ఒప్పుకోదు. అప్పుడు అవ్వలు నవ్వుతారు చూడండి!

ముద్రలో తేదీ మార్చడం, సబ్ ఆఫీసు నుంచి వచ్చిన సంచి విప్పడం, సాయంత్రం లెక్క పంపడం అలవాటైన పనులే. నగదు దగ్గరే భయం. మా దగ్గర ఎంత ఉంచుకోవచ్చో దానికి హద్దుంది, లెక్కలో తక్కువ వస్తే చేతి నుంచి కట్టాలి.

నాకు ఇష్టమైన పని ఆడపిల్లల ఖాతాలు. సుకన్య సమృద్ధి 2015లో వచ్చింది. పదేళ్లలోపు ఆడపిల్ల పేర ఏడాదికి 250 రూపాయల నుంచి లక్షన్నర దాకా కట్టవచ్చు. 15 ఏళ్లు కట్టాలి, ఖాతా తెరిచిన 21 ఏళ్లకు మొత్తం చేతికొస్తుంది. 2024 జనవరిలో వడ్డీ 8.2 శాతానికి పెరిగింది. పత్తి అమ్మిన పైసలు ఇంట్లో ఉన్న వారంలోనే అడగాలి, ఆ తర్వాత అప్పులవాళ్లు అడుగుతారు. అదీ తల్లిని అడగాలి. తండ్రిని అడిగితే "చూద్దాం తీ వదినా" అంటాడు. ఈ సంగతి శిక్షణలో ఎవరూ చెప్పరు.

ఉత్తరాలు ఇంకా వస్తాయా అని పట్నం చుట్టాలు అడుగుతారు. కార్డు ముక్క అడిగేవాళ్లు లేరు. రిజిస్టర్ పోస్టు కూడా 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. ఇప్పుడు వచ్చేవి ఆధార్, పాన్, ఏటీఎం కార్డులు. మిగతావి నోటీసులు. వానలు ముఖం చాటేసిన ఏడు అప్పు నోటీసులు ఎక్కువ. కవరు మీది అచ్చు చూస్తేనే తెలిసిపోతుంది. అవి నలుగురిలో ఇవ్వను. నోటీసు వచ్చినాయన్ని పక్కకు పిలిచి సంతకం పెట్టించుకుంటాను. ఇంగ్లీషులో ఉంటే చదివి చెబుతాను, గడువు తేదీ కవరు వెనక పెద్ద అంకెల్లో రాసిస్తాను. కొందరు ఆ కవరు నా సొరుగులోనే ఉంచమంటారు, ఇంట్లో ఆమెకు తెలియొద్దని. దానికి మాత్రం ఒప్పుకోను. ఆమె కూడా రేపు పింఛనుకో, పిల్ల ఖాతాకో నా దగ్గరికే వస్తుంది కదా.